బంగారు మందు

కాగితం మీద పంతొమ్మిది మందుల పేర్లున్నాయి. ప్రతి పేరుకూ ఎదురుగా ఒక్కటే అక్షరం. వేలు పెట్టుకుని పైనుంచి కిందికి వచ్చాను. ఆర్, ఆర్, ఆర్. ఆర్ అంటే ఆ మందు ఈ క్రిమిని చంపదని. అట్టడుగున కోలిస్టిన్ ఎదుట మాత్రం 'ఐ' అని ఉంది, పనిచేస్తే చేయొచ్చు లేకుంటే లేదు అన్నట్టు. క్రిమి పేరు క్లెబ్సియెల్లా. మూడు రోజులు ఎదురుచూస్తే వచ్చిన యూరిన్ కల్చర్ రిపోర్టు అది. మా మేనత్తది.

ఆమె నర్సింగ్ హోమ్‌కు జ్వరంతో రాలేదు. మునగాలలో ఇంటి వెనక బండ మీద కాలు జారి, తుంటి ఎముక విరిగి వచ్చింది. ఆపరేషన్ బాగానే అయింది. ఎముక అతుక్కునే దారిలోనే ఉంది. పదో రోజు సాయంత్రం మంచం గడగడలాడేంత చలిజ్వరం పట్టుకుంది. అది ఏ ఊళ్లో ఏ ఆసుపత్రో చెప్పను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడింటిలో ఆసుపత్రుల వీధికి పోతే అలాంటి బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఏదో ఒకటి అనుకోండి. అక్కడి మనుషులు చెడ్డవాళ్లు కారు. ఆ సంగతి ముందే చెప్పాలి.

"ఒక్క పెద్ద సూది ఏపిచ్చి ఇంటికి తోలమని జెప్పురా అయ్యా, గిన్ని కాగితాలెందుకు" అంది అత్త.

పెద్ద సూదులన్నీ ఆ కాగితం మీదే ఉన్నాయి. అన్నిటి పక్కనా ఆర్.

పదకొండో వరసలో టెట్రాసైక్లిన్ ఉంది. డాక్టరుగారు దానివంక చూడను కూడా లేదు. ఇలాంటి రోగానికి ఇవాళ దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. నా వేలు మాత్రం అక్కడే ఆగింది. పొలాలమ్ముకుని, పరువుపోయి, పెళ్లిలో ఓ మూలన కూర్చున్న పెద్దమనిషిని చూసినట్టయింది. ఒకప్పుడు ఆ పేరు ఎట్లా వెలిగిందో చెప్పాలంటే నడిగూడెం కోట దాకా పోవాలి.

నిజాం రాజ్యం నడుమ చిన్న లంకలా ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉండేది మునగాల పరగణా. చుట్టూ నల్లగొండ, లెక్కకు మాత్రం కృష్ణా జిల్లా. దాని జమీందారు నడిగూడెం కోటలో ఉండే రాజా నాయని వెంకట రంగారావు. ఆయన మీద పరగణా రైతులు తిరగబడిన కథ వేరే ఉంది, అది మరిచిపోయి పొగడటం న్యాయం కాదు. కానీ ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. ఆ రాజా డబ్బు, ఈ దివాను బుర్ర కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికీ, 1906లో విజ్ఞాన చంద్రికా మండలికీ ప్రాణం పోశాయి. తెలుగులో సైన్సు చదువుకోవచ్చని, పల్లెటూరి మనిషికి కలరా ఎందుకొస్తుందో అతని మాటల్లోనే చెప్పవచ్చని ఆ మండలి నమ్మింది. అలా చెప్పినవాళ్లలో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఒకరు. జీవశాస్త్రం గురించీ, కలరా గురించీ ఆ మండలి గ్రంథమాలకు తెలుగులో పుస్తకాలు రాసిచ్చారు. కంటికి కనపడని జీవులుంటాయనీ, అవి నీళ్లలోంచి, చేతుల్లోంచి వస్తాయనీ మన భాషకు అలవాటు చేసిన తొలి తరం మనిషి.

ఆ లక్ష్మీపతిగారి దగ్గరకే మద్రాసులో ఒక రోగి వచ్చాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే గ్రహణి వ్యాధి. తిన్నది ఒంటబట్టదు, మనిషి కళ్ల ముందే ఎండిపోతాడు. అప్పటికే ఆ జబ్బు సుబ్బారావు తోబుట్టువులు పురుషోత్తాన్నీ కృష్ణమూర్తినీ రోజుల తేడాలో తీసుకుపోయింది. లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యం చేసి ఇతన్ని నిలబెట్టారు. తర్వాత తాను నడిపే ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పే పనీ ఇచ్చారు. 1922లో సుబ్బారావు బోస్టన్ ఓడెక్కాడు. మరుసటి ఏడాదే మద్రాసులో కొమర్రాజు కన్నుమూశారు, తలపెట్టిన విజ్ఞాన సర్వస్వం సగంలో ఉండగానే.

మిగతా కథ మన పిల్లల పాఠాల్లో కొంత ఉంది, చాలా లేదు. హార్వర్డ్ తర్వాత సుబ్బారావు న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలల్లో చేరి పరిశోధనకు పెద్ద అయ్యాడు. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ వచ్చినా చావని క్రిములు చాలా ఉండేవి. వాటికోసం నలుమూలల నుంచి మట్టి తెప్పించి గాలించారు. ఆ పని మీద కూర్చున్నవాడు బెంజమిన్ డగ్గర్, డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు. మిస్సోరీ విశ్వవిద్యాలయంలోని గడ్డిమడి మట్టిలో పసిడిరంగు బూజులాంటి ఒక జీవి దొరికింది. అది వదిలే రసం ఇటు పెన్సిలిన్‌కు లొంగేవాటినీ, అటు లొంగనివాటినీ కూడా చంపింది. బంగారు రంగుకు గుర్తుగా దానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి బిడ్డ.

1948లో దాన్ని లోకానికి చాటారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలో పోయాడు. 53 ఏళ్లు.

ఆ మనిషి బతుకులో నన్ను ఎక్కువగా కదిలించే సంగతి ఒకటుంది. తమ్ముడినీ అన్ననీ మింగిన స్ప్రూకు తర్వాతి కాలంలో వైద్యం దొరికింది. రెండు మందులు. ఒకటి ఫోలిక్ ఆమ్లం, దాన్ని తయారుచేసే దారి కనిపెట్టింది ఆయన బృందమే. రెండోది టెట్రాసైక్లిన్ కుటుంబం. ఇంట్లో రెండు పాడెలు లేచిన ముప్పై ఏళ్లకు ఆ జబ్బుకు రెండు మందులూ అదే చేతి కిందినుంచి వచ్చాయి. ఇవ్వడానికి అన్నదమ్ములు లేరు. రెండోది ఇస్తుంటే చూసుకోవడానికి తనూ లేడు.

పతనం ఎక్కడ మొదలైందో కూడా కథలోనే ఉంది. సుబ్బారావు పోయిన నాలుగు నెలలకు, 1948 క్రిస్మస్ రోజున, అదే లెడర్లీలో థామస్ జ్యూక్స్ అనే శాస్త్రవేత్త కోడిపిల్లల్ని తూకం వేశాడు. పనివాళ్లంతా సెలవులో ఉంటే తనే వేశాడట. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని మేతలో కలిపిన పిల్లలు తక్కినవాటికంటే బాగా బరువు పెరిగాయి. 1950లో ఆ వార్త బయటికొచ్చింది. మనిషిని బతికించే మందు కోడిని లావెక్కించే దాణా అయింది. రోగం లేకున్నా, చంపేంత మోతాదు కాకుండా, రోజూ కొంచెం కొంచెం. క్రిములకు అంతకంటే మంచి బడి ఎవరు పెట్టగలరు?

హెచ్చరించిన వాళ్లు లేకపోలేదు. 1945 డిసెంబరులో నోబెల్ తీసుకుంటూ అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక ఊహాకథ చెప్పాడు. ఒకాయనకు గొంతునొప్పి. తనే పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వాడాడు. క్రిములు చావలేదు సరికదా, మందును తట్టుకోవడం నేర్చాయి. అవి భార్యకు అంటుకున్నాయి, ఆమెకు న్యుమోనియా అయింది, పెన్సిలిన్ పనిచేయలేదు, ఆమె పోయింది. తప్పెవరిది అని అడిగాడు ఫ్లెమింగ్. నన్ను ఆపేది ఒక్క విషయం. ఆ కథలో మందు తప్పుగా వాడినవాడు చావలేదు. పక్కనున్న ఆడమనిషి చచ్చింది.

1953లో జపాన్‌లో టెట్రాసైక్లిన్‌కు చావని రక్తవిరేచనాల క్రిమి దొరికింది. దాని గుట్టు విప్పేసరికి ఇంకా భయం పుట్టింది. మందును తట్టుకునే విద్యను ఆ క్రిమి తన పిల్లలకే కాదు, వేరే జాతి క్రిములకూ పంచుతోంది. పక్కింటావిడ గిన్నె పట్టుకొస్తే పెరుగుతోడు ఇచ్చి పంపినట్టు. ఇచ్చినామెకు తగ్గేదేం లేదు, పుచ్చుకున్నామె ఇంట్లో తెల్లారేసరికి కుండెడు పెరుగు.

తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది, సెఫ్ట్రియాక్సోన్ వచ్చింది, మెరోపెనెమ్ వచ్చింది. ఒక్కొక్కటీ గద్దెనెక్కడం, దిగడం. దించడంలో మన వంతు తక్కువేం కాదు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో లెక్క చెప్పింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. మాత్ర మింగిన రోగి నెత్తుట్లో ఉండేదానికంటే ఎక్కువ. రోజుకు దాదాపు 45 కిలోలు, అంటే స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందు అప్పట్లో ఒక్కరోజులో వాగులో పోయేది. మరుసటేడు భారతీయ మూలాలున్న ఒక స్వీడన్ రోగి ఒంట్లో మెరోపెనెమ్ జాతినే విరిచేసే ఎంజైము బయటపడింది. అతను అంతకుముందు ఢిల్లీలో ఆసుపత్రి పాలయ్యాడు. ఎంజైముకు న్యూఢిల్లీ పేరు తగిలించి ఎన్‌డీఎం-1 అన్నారు. 2010లో మనవాళ్లు ఆ పేరు మీద పెద్ద రగడ చేశారు. పేరు సంగతి సరే. ఎంజైము సంగతో?

మిగిలింది కోలిస్టిన్. ఎప్పుడో నలభైల చివర జపాన్‌లో దొరికి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తుందని అటకెక్కించిన పాత మందు. వేరే దిక్కు లేక దాన్ని మళ్లీ దించారు. దాన్నీ మనం కోళ్ల మేతలో కలిపాం. 2019 జులైలో కేంద్రం నిషేధం పెట్టేదాకా కలుపుతూనే ఉన్నాం. ఇదిగో, అత్త కాగితం మీద అదొక్కటే మిగిలి ఉంది.

ఇంత దూరం పోనక్కరలేదు కూడా. అత్త ఇంటి దూలానికి వేలాడే ప్లాస్టిక్ సంచి విప్పితే చాలు. సగం వాడి ఆపేసిన మాత్రల అట్టలు, కొన్నిటి వెనక ఎర్రగీత. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని, వాడకూడదని ఆ గీతకు అర్థం. జలుబుకు అజిత్రోమైసిన్ మూడు, రెండు మింగి ఒకటి దాచింది. ఒళ్లునొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు సూదులు. నాట్లకాలంలో సాగర్ ఎడమకాలువ నీళ్లొచ్చాయంటే ఆడవాళ్లకు జ్వరం వచ్చినా ఒకరోజు పడుకునే తీరిక ఉండదు. పొద్దున సూది పొడిపించుకుని మధ్యాహ్నానికి మడిలో దిగాలి. ఆర్‌ఎంపీని తిట్టడం తేలిక. రాత్రి పదకొండింటికి తలుపు తడితే లేచేది అతనొక్కడే. సూర్యాపేటకు 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, మంచిదే. మునగాలలో రాత్రి పదకొండుకు మాత్రం ఇంకా అతనే. మూడో తరం సెఫలోస్పోరిన్ల అమ్మకాలను పుస్తకంలో రాసిపెట్టాలని హెచ్1 నిబంధన 2014 నుంచీ అమల్లో ఉంది. ఆ పుస్తకం రాసే చేయి చాలా కౌంటర్లలో నేనింతవరకు చూడలేదు.

అయితే అత్తకు అంటుకున్న క్రిమి ఆ సంచిలోంచే వచ్చిందని చెప్పలేను. నేను కళ్లారా చూసింది వేరు.

వార్డులో పది మంచాలు. అత్తది కిటికీ పక్కన. ఆపరేషన్ రోజు వేసిన యూరిన్ పైపు అలాగే ఉంది. దాని సంచి మంచం కోడుకు కట్టి ఉండాలి, కట్టిన గుడ్డపీలిక జారి నేల మీద పడుకుంది. వార్డు ఊడ్చినప్పుడల్లా మాపు దాన్ని తాకి పోయేది. పొద్దున ఆయమ్మ వచ్చి ఒకే ప్లాస్టిక్ మగ్గుతో మొదటి మంచం సంచి వంచి, ఆ మగ్గుతోనే రెండోది, మూడోది. చేతికి తొడుగు ఉంది. అది మొదటి మంచం దగ్గర తొడిగింది, పదో మంచం దగ్గర తీసింది. ఆ తొడుగు తన చేతిని కాపాడుకోవడానికి, మా అత్తను కాపాడటానికి కాదు. ఆమెకెవరూ అలా చెప్పి ఉండరు. పది మంచాలకు ఒక్కతే మనిషి, నెలకు వచ్చే జీతం అడిగితే చెప్పడానికి సిగ్గుపడింది. గోడకు శానిటైజర్ సీసా బిగించి ఉంది, కోవిడ్ నాటిది. నొక్కితే గాలి వచ్చింది. బేసిన్ దగ్గర సబ్బుపెట్టె ఉంది, సబ్బు లేదు. నాలుగో మంచంలో కోదాడ వైపు నుంచి వచ్చిన పెద్దాయన, నాలుగు ఆసుపత్రులు తిరిగి వచ్చాడు. ముందు జ్వరం వచ్చింది ఆయనకే. ఆయన జబ్బకు చుట్టిన బీపీ పట్టీనే అత్త జబ్బకూ చుట్టారు.

డాలస్‌లో ఉండే మా మరదలు, అత్త కూతురు, ఫోన్లో మొదట అడిగింది జ్వరం గురించి కాదు.

"బావా, ఆ పైపు ఇంకా ఎందుకుంది? ఆపరేషనై ఎన్ని రోజులైంది?"

పది రోజులు. నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ పైపు నాకూ సుఖంగానే ఉండింది. రాత్రిళ్లు అత్తను లేపి బెడ్‌పాన్ పెట్టే పని తప్పింది. తీసేద్దామా అని డాక్టరుగారిని అడగాలని తోచలేదు. ఒంట్లో దిగిన ప్రతి గొట్టమూ క్రిములకు నిచ్చెన అనీ, అవసరం తీరిన పూటే దాన్ని తీసేయడం వంద సూదుల పెట్టు అనీ మరదలు చెప్తే తెలిసింది. ఆమె అక్కడ నర్సింగ్ హోమ్‌లో నర్సు. అక్కడ ఆ మాటకు అర్థం వేరు. మన దగ్గర డాక్టరు దంపతులు నడిపే ఇరవై పడకల ఆసుపత్రి నర్సింగ్ హోమ్. అక్కడ ముసలివాళ్లు ఏళ్ల తరబడి ఉండే ఇల్లు. మొండిక్రిములు కాపురం పెట్టడానికి అంతకంటే అనువైన చోటు లేదట. పుండ్లు, పైపులు, ఆసుపత్రికి పోవడం, అక్కడివి మోసుకుని తిరిగి రావడం.

వాళ్లు కొత్త మందు కోసం కూర్చోలేదు. కాలిఫోర్నియాలో 28 నర్సింగ్ హోములను రెండు జట్లు చేసి చూసిన అధ్యయనం ఒకటి 2023లో అచ్చయింది. ఒక జట్టులో అందరికీ క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశినితో స్నానం, ముక్కుపుటాల్లో అయోడిన్ పూత. ఏడాదిన్నర అదే పని. ఆసుపత్రికి తరలించాల్సి వచ్చినవాళ్లలో ఇన్ఫెక్షన్ వల్ల తరలినవాళ్లు 62.9 శాతం నుంచి 52.2 శాతానికి తగ్గారు. మామూలుగా నడిచిన జట్టులో 62.2 ఉన్నది 62.6 దగ్గరే ఉంది. స్నానం, ముక్కుకు పూత. ఏ బామ్మకు చెప్పినా, ఇదేనా మీ అమెరికా చదువు అంటుంది.

మా అత్తే అనేది. బయటినుంచి వచ్చినవాణ్ణి ఎవరినీ కాళ్లూచేతులూ కడుక్కోకుండా గడప తొక్కనిచ్చేది కాదు. సంతకు పోయొచ్చినా సరే, కలెక్టరాఫీసుకు పోయొచ్చినా సరే. గుమ్మం పక్కన బిందె, చెంబు ఎప్పుడూ ఉండేవి. ఆ కడుగుడు వెనక ఉన్నది క్రిముల జ్ఞానం కాదు, నాకు తెలుసు. ఎవరు ముట్టుకుంటే మైల, ఎవరు దూరం ఉండాలి అనే పాడులెక్కలు అందులో చాలా ఉన్నాయి, వాటితో మనం మనుషుల్ని చాలా ఏడిపించాం. అయినా చెంబు అక్కడ ఉండేది. బంగారు మందు వచ్చాక మనం వదులుకోవలసింది ఆ లెక్కల్ని. వదిలేసింది చెంబుని. అంటితే మాత్రం ఏమైంది, సూది ఉందిగా. ఆ ధీమా పల్లెలో మొదలవలేదు, పెద్ద చదువుల దగ్గరే మొదలైంది. ఆపరేషన్ చేసిన మనిషికి ఎందుకైనా మంచిదని మూడురకాల యాంటీబయాటిక్‌లు రాసిన కలమే, సబ్బుకు ఇండెంటు రాయడం మరిచిపోయింది. లక్ష్మీపతిగారు తెలుగులో చెప్పిపోయిన సంగతిని సుబ్బారావుగారి మందు మరిపించింది. గురువు చెప్పిన పాఠాన్ని శిష్యుడి సిరి మింగేసింది, శిష్యుడి తప్పేమీ లేకుండానే.

కోలిస్టిన్ మొదలుపెట్టారు. సీసాలు విడిగా బయటినుంచి తెచ్చుకోవాలి. మొదటి రెండు రోజులు జ్వరం కొంచెం దిగింది, అత్త రెండు ముద్దలు పెరుగన్నం తిన్నది. వరికోతలైనాయా అని అడిగింది. మిల్లు ధర ఎంత పలుకుతోందంది. మూడో రోజు ఒంటికి నీరు పట్టింది. క్రియాటినిన్ పెరిగింది అన్నారు. మందు క్రిమితో పాటు మూత్రపిండాల్నీ పట్టుకుంది. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. ఆయన ముఖంలో కపటం లేదు, అలసట ఉంది. "ఇంతకుముందు మెరోపెనెమ్ పెడితే తెల్లారేసరికి లేచి కూర్చునేవాళ్లండీ" అన్నాడు, పోయిన స్నేహితుడి గురించి చెప్పినట్టు.

ఒకే ఒక్క ఏడాదిలో, 2019లో, మందులకు లొంగని బాక్టీరియా వల్లే ప్రపంచంలో 12.7 లక్షల మంది పోయారని లెక్కగట్టారు. మా అత్త ఆ కోవలో ఏ లెక్కలోకీ రాలేదు. కాగితంలో కారణం గుండె ఆగడం అని రాశారు. గుండె ఎవరికైనా ఆగుతుంది. అంబులెన్సు చిట్యాల దాటకముందే ఆమెకు ఆగింది. వెనక్కి తిప్పమన్నాను. నల్ల తారురోడ్డు, రెండు పక్కలా కోతకొచ్చిన వరి. మునగాల చేరేసరికి చీకటి పడింది. స్ట్రెచర్ మీద అత్త కాలికి పైపును అతికించిన టేపు ఇంకా అంటుకునే ఉంది. ఇంటి ఆడవాళ్లు కొబ్బరినూనె రాసి దాన్ని నెమ్మదిగా ఊడదీశారు.

మర్నాడు మధ్యాహ్నం చెరువుగట్టు దిగి ఇంటికొచ్చాం. గుమ్మం ముందు ఎవరో బిందెడు నీళ్లు, చెంబు పెట్టి ఉంచారు. వరసగా నిలబడ్డాం. ముందున్నవాడు వంగి కాళ్లు కడుక్కుని, చేతులు మోచేతుల దాకా రుద్దుకుని, చెంబు వెనకవాడికి అందించి లోపలికి పోయాడు.